రెంబ్రాంట్ వెలుగులో గేమ్ వీరులు

హాలండ్ దాటి ఎక్కడికీ వెళ్ళని రెంబ్రాంట్ మన షాజహాన్ బొమ్మ గీశాడు. 1656–61 ప్రాంతంలో మొఘల్ సూక్ష్మచిత్రాలను ముందు పెట్టుకుని, జపాన్ నుంచి వచ్చిన ఖరీదైన కాగితం మీద ఆయన సిరాతో గీసుకున్న చిత్రాలు ఇరవైకి పైగా ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. ఆ సూక్ష్మచిత్రాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు ఎలా చేరాయని అడిగితే చాలామంది డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలనే చూపిస్తారు. ఆ కంపెనీ 1616–17 నాటికే సూరత్‌లో కోఠీ పెట్టింది. తాపీ ఒడ్డున ఎక్కించిన బట్టల మూటల మధ్యనే ఆ బొమ్మలూ వెళ్ళాయన్న మాట ఒకటి ఉంది. కతార్గామ్ దర్వాజా దగ్గర గుమ్మటాలతో, గోపురాలతో నిలబడిన డచ్చి సమాధులను చూసినవాళ్ళకు ఆ మాట నమ్మాలనిపిస్తుంది.

ఆ సూరత్‌లోనే గోడాదరా అనే పేట ఉంది. లింబాయత్, ఉధ్నా, డిండోలి, పర్వత్ పాటియాల మాదిరిగానే ఇక్కడా తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. తాతలు సాంచాల (మరమగ్గాల) మీద బతికారు. మనవల కాలానికి చీర డిజైను కూడా కంప్యూటర్ ఎక్కింది. బుట్టా అయినా పల్లూ అయినా ఇప్పుడు ట్యాబ్లెట్ మీద పెన్నుతోనే పుడుతోంది. ఫాంటసీ గేముల్లో కనిపించే మాంత్రికుడి ముఖాన్నీ, కవచం తొడిగిన వీరవనిత ముఖాన్నీ వేయడానికి కావలసిన పనిముట్టు అదే. పనిముట్టు చేతిలో ఉంది. అందవలసింది విద్య. ఆ విద్య నాలుగైదు వందల ఏళ్ళ నాటి యూరప్ ఉస్తాదులది.

పదిహేడో శతాబ్దపు హాలండ్‌లో ట్రోనీలని ఒక రకం బొమ్మలు వేసేవారు. ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టుకునేవారు గానీ, బొమ్మ ఆ మనిషిది కాదు. తలపాగా చుట్టి, ఇనుప కంఠకవచం బిగించి, ఈకల టోపీ పెట్టి ఆ ముఖంలోంచి ఒక ముసలి యోధుణ్ణో తూర్పుదేశపు రాజునో పుట్టించేవారు. లైడెన్‌లో కుర్రతనంలో రెంబ్రాంట్, అతని స్నేహితుడు యాన్ లీవెన్స్ ఇవి పోటీపడి వేశారు. 1665 ప్రాంతంలో వెర్మీర్ వేసిన ముత్యపు పోగు అమ్మాయి కూడా ట్రోనీయే. ఆ అమ్మాయి ఎవరో తెలియదు, తెలియనక్కరలేదు. నేటి గేమ్ పోర్ట్రెయిట్‌కు నిజమైన తాత ఎవరంటే ఈ ట్రోనీ. రాజులు డబ్బిచ్చి వేయించుకున్న దర్బారు బొమ్మలను ఆ వరసలో కలపకూడదు.

బెర్లిన్‌లో ఉన్న ‘బంగారు శిరస్త్రాణం పెట్టుకున్న మనిషి’ని తీసుకోండి. చాలాకాలం రెంబ్రాంట్ పనితనమనే లోకం దండం పెట్టింది. 1985లో నిపుణులు పరీక్షించి, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో వేశారని తేల్చారు. ఎవరు వేస్తేనేం, ఎంత పని! శిరస్త్రాణం మీద రంగు ముద్దలు ముద్దలుగా లేచి లోహంలా మెరుస్తుంది. దాని కింద ముఖం పల్చటి చీకట్లో మునిగి ఉంటుంది, చూపు కిందికి వాలి ఉంటుంది. కత్తి పట్టని, గర్జించని ఆ సిపాయి యుద్ధాలన్నీ ఆ కనురెప్పల్లోనే తెలుస్తాయి. కవచధారి వీరుణ్ణి వేయబోయే ప్రతి చిత్రకారుడూ మొదట ఈ బొమ్మ ముందు కూర్చోవాలి.

ఇక పద్ధతి. కరవాజియో గానీ రెంబ్రాంట్ గానీ తెల్లటి కాన్వాసు మీద మొదలుపెట్టలేదు. ముందు గోధుమ రంగో బూడిద రంగో పూసి ఆరనిచ్చేవారు. తెలుపు పక్కన ఏ రంగు పెట్టినా ముదురుగా కనిపించి కన్ను మోసపోతుంది. నడిమి ఛాయ మీద పెడితే ఏది వెలుగో ఏది నీడో వెంటనే తెలుస్తుంది. కంప్యూటర్ తెర కాన్వాసు కంటే తెలుపు, పైగా వెనక నుంచి వెలుగుతుంది. కొత్తవాళ్ళ బొమ్మలు సున్నం కొట్టినట్టు పాలిపోవడానికి సగం కారణం ఇదే. మొదటి లేయర్ నిండా మట్టిరంగు పోసుకుంటే ఆ రోగం అక్కడే ఆగుతుంది.

తర్వాత బూడిద బొమ్మ. రంగు జోలికి పోకుండా నలుపు తెలుపుల మధ్య ఛాయలతోనే ముఖం మొత్తాన్ని కట్టడం. ముక్కు దూలం మీద ఎంత వెలుగు, కంటిగుంటలో ఎంత చీకటి, చెంప తిరిగే చోట ఎన్ని మెట్లు అన్నదంతా ఇక్కడే తేలిపోవాలి. పడుగు సరిగా పడనిదే పేక ఎంత మంచిదైనా గుడ్డ నిలవదని గోడాదరాలో ఎవరికీ చెప్పక్కరలేదు. ఈ బూడిద పనే పడుగు, రంగు పేక. ఆ బూడిద మీద పారదర్శకమైన రంగును పల్చగా, పొర మీద పొరగా పరుస్తారు. నూనెరంగుల్లో ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది. ఫోటోషాప్‌లోనూ, డబ్బు పెట్టక్కరలేని క్రితాలోనూ ‘మల్టిప్లై’, ‘ఓవర్‌లే’ లేయర్లు ఆ ఆరుదలను క్షణంలో తేలుస్తాయి. కానీ కింద బూడిద బొమ్మ తప్పయితే పైన ఎన్ని లేయర్లు వేసినా అది తప్పే.

చర్మం గురించి 1400 ప్రాంతపు ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని తన పుస్తకంలో చెప్పిన కిటుకు ఇప్పటికీ పాతబడలేదు. ముఖానికి ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూయమన్నాడు. ఆ పచ్చ మీద గులాబీ ఛాయ పడితే కింది చల్లదనమూ పై వెచ్చదనమూ కలిసి చర్మం కింద నెత్తురు పారుతున్నట్టు ఉంటుంది. ఈ సంగతి తెలియక ముఖమంతా ఒకే నారింజ రంగు రుద్దేసిన వీరులు గేముల్లో కోకొల్లలు.

లియొనార్డో సంగతి వేరు. 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎక్స్-రే కిరణాలతో ఆయన వేసిన ముఖాలను పరిశీలించి, ఒక్కో పొర ఒకటి రెండు మైక్రాన్ల మందమేనని, అన్నీ కలిపినా 30–40 మైక్రాన్లు మించవని లెక్కకట్టారు. వెంట్రుక మందం కూడా లేని ఆ పొరల్లోనే మోనాలిసా పెదవి చివర ఎక్కడ ఆగిందో తెలియకుండా పోయింది. అంచు పోగొట్టడం కష్టమైన విద్య. కొత్తవాడు ప్రతి అంచునూ గీత గీసి చూపిస్తాడు. ఉస్తాదు చీకటివైపు దవడను నేపథ్యంలో కలిపేస్తాడు, మిగతాది చూసేవాడి కన్ను పూర్తిచేసుకుంటుంది. గేమ్ తెర మీద బొమ్మ చివరికి బొటనవేలంత అయిపోతుంది కాబట్టి ఈ విద్య మరీ అవసరం. అంత చిన్నదానిలో కవచం మీది చెక్కడాలు కనిపించవు, నగలు కనిపించవు. ఒక వెలుగు ముద్ద, ఒక చీకటి ముద్ద, వాటి మధ్య చూపు, అంతే కనిపిస్తాయి.

నీడలు పల్చన, వెలుగులు మందం. ఇది రెంబ్రాంట్ ప్రాణసూత్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ‘యూదు వధువు’ బొమ్మలో వరుడి చొక్కా చేతి మీద రంగు ఎంత మందమంటే దాని నీడ దాని మీదే పడుతుంది. ఆ బొమ్మ ముందు ఎండురొట్టె తింటూ రోజుల తరబడి కూర్చోనిస్తే ఆయుష్షులో పదేళ్ళు ఇచ్చేస్తానని వాన్ గో అన్నాడట. తెర మీద మందం ఉండదు నిజమే. తెలిసినవాళ్ళు నీడల్ని మెత్తటి బ్రష్షుతో కలిపేసి, వెలుగుల్ని గట్టి అంచుల బ్రష్షుతో నాలుగే నాలుగు దెబ్బల్లో పెట్టి ఆ భ్రమ తెస్తారు. టిషియన్ బొమ్మను సగంలో గోడవైపు తిప్పి నెలల తరబడి వదిలేసి, తర్వాత శత్రువును చూసినట్టు చూసి తప్పులు పట్టేవాడని ఆయన శిష్యుల నోట విన్న కథ. చివర్లో కుంచె కంటే వేళ్ళతోనే ఎక్కువ వేసేవాడట. తెర మీద బొమ్మను అద్దంలోలా కుడిఎడమలు తిప్పి చూస్తే ఆ శత్రువు చూపు దొరుకుతుంది. వంకర కన్ను వెంటనే బయటపడుతుంది.

ఈ విద్యను గేముల్లోకి మోసుకొచ్చిన ఘనులున్నారు. అమెరికా చిత్రకారుడు డొనాటో జాంకోలా ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే ఆట చీట్ల కోసం నిజమైన నూనెరంగులతోనే వేశాడు. వాన్ ఐక్, మెమ్లింగ్, కరవాజియోలను గురువులుగా చెప్పుకుంటాడు. ఆయన వేసిన ఇనుము చల్లగా తగులుతుంది, ముఖం ఊపిరి తీస్తుంది. ఎస్టోనియా వాడు అలెగ్జాండర్ రోస్తోవ్ 2019లో వచ్చిన ‘డిస్కో ఎలీసియం’ గేములో కుంచె దెబ్బలను దాచకుండా, ముఖాలను గాయాల్లా తెరిచిపెట్టాడు. మన దేశంలో పుణె కంపెనీ నాడింగ్ హెడ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ గేము పహాడీ చిత్రాల దారి పట్టింది. అందమైన దారే. అయితే అది గీతల, చదును రంగుల దారి, ఇక్కడ చెబుతున్నది వెలుగునీడల దారి.

తెలుగువాళ్ళకు ఈ దారి కొత్తది కాదు. రవివర్మ (1848–1906) యూరప్ నూనెరంగులతో మన దమయంతికి, మేనకకు రక్తమాంసాలిచ్చాడు. ఆయన వేసిన కోదండరాముణ్ణి ఐదేళ్ళ వయసులోనే చూసి దించాడని చెప్పుకునే శ్రీకాకుళం పిల్లవాడు వడ్డాది పాపయ్య (వపా, 1921–1992) పెద్దయ్యాక చందమామ, ‘యువ’ పత్రికలకు ముఖచిత్రాలు వేశాడు. యక్షులు, రాక్షసులు, మాంత్రికులు, రాజకుమార్తెలు, ఇప్పటి ఫాంటసీ గేముకు ఏ పాత్రలు కావాలో వాళ్ళందరినీ వపా అప్పుడే వేసిపెట్టాడు. ఆయన నీడల్లో నలుపు కనిపించదు. ఊదా, నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి. అదే చందమామలో శంకర్ వేసిన విక్రముడు, భుజాన బేతాళుడు గొప్ప బొమ్మలే, దేశమంతా వాటిని గుర్తుపడుతుంది. అయినా అది గీత గొప్పతనం. వెలుగుతో పాత్రను పుట్టించడంలో చందమామ చిత్రకారుల్లో వపాకు సాటి లేరు. ఆ మాటను ఎవరు కాదన్నా ఆ ముఖచిత్రాలు ఒప్పుకోవు.

ఇంతటి విద్య ఇప్పుడు ఏ గతి పట్టిందో చూస్తే కడుపు మండుతుంది. ‘ఓల్డ్ మాస్టర్ ఎఫెక్ట్’ పేరుతో ఒక గోధుమ ఫిల్టరు అద్ది, మూలల్లో చీకటి పులిమి, నాలుగు పగుళ్ళు చేర్చి రెంబ్రాంట్ అని అమ్ముతున్నారు. ఆ గోధుమ రంగు రెంబ్రాంట్‌ది కానే కాదు, పాతబడి మురికిపట్టిన వార్నిష్‌ది. ‘నైట్ వాచ్’కు రాత్రి పేరు వచ్చిందే ఆ మురికి వల్ల. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శుభ్రం చేస్తే అందులోంచి పగటి వెలుగు బయటపడింది. వీళ్ళు వదిలేసింది చిత్రకారుణ్ణి, పట్టుకున్నది మురికిని.

దానికి మించిన దెబ్బ 2022లో మొదలైంది. నాలుగు మాటలు రాస్తే బొమ్మ కక్కే యంత్రాలు వచ్చాయి. పాత ఉస్తాదుల పద్ధతిలో డ్రాగన్లనూ వీరులనూ వేసే పోలండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరును ఆ ఏడాది సెప్టెంబరు నాటికే సుమారు 93,000 సార్లు ఆ యంత్రాలకు ఆజ్ఞగా వాడారని వార్తలొచ్చాయి. ఆయన పేరు పెట్టి వెతికితే ఆయన వేయని బొమ్మలే ముందు పడే గతి పట్టింది. ఏళ్ళ తరబడి సంపాదించిన చేతిని, అడగకుండా, పైసా ఇవ్వకుండా దోచుకోవడానికి వేరే పేరు లేదు. కార్లా ఓర్టిజ్ లాంటి చిత్రకారులు 2023 జనవరిలో కోర్టుకెక్కారు. గేములమ్మే స్టీమ్ దుకాణం 2024 నుంచి గేములో యంత్రం చేసిన సరుకు ఉంటే చెప్పి తీరాలంది. చెబితే చాలదు. ఆ బొమ్మల్లో వెలుగు ఎటునుంచి వస్తోందో ఒకసారి చూడండి. ముక్కుకు ఎడమ కిటికీ, శిరస్త్రాణానికి కుడి దీపం, కళ్ళలో మరో మూడు దీపాలు. ఆలోచించినవాడు లేడు కనుక వెలుగుకు ఇల్లు లేదు.

గోడాదరా పిల్లలకు ఈ విద్య దూరం కాదు. సూరత్ నుంచి వడోదరకు రెండు గంటల రైలు. అక్కడ మహారాజా శాయాజీరావు కోరితే రవివర్మ వేసి 1890లో పూర్తిచేసిన 14 పురాణ చిత్రాల కథ ఇంకా బతికే ఉంది. లక్ష్మీవిలాస్ ప్యాలెస్ ఆవరణలోని ఫతేసింగ్ మ్యూజియంలో రవివర్మ నూనెరంగులు ఎదురుగా, దగ్గరగా కనిపిస్తాయి. శాయాజీబాగ్‌లో 1921లో తెరిచిన పిక్చర్ గ్యాలరీలో యూరప్ పాత చిత్రాలూ ఉన్నాయి. అచ్చులో చూడడం వేరు, నీడలో రంగు ఎంత పల్చగా ఉందో ముక్కు ఆనించేంత దగ్గరగా చూడడం వేరు. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ నడిపే తెలుగు మాధ్యమ బడుల డ్రాయింగ్ మాస్టార్లు పిల్లల్ని ఏడాదికొక్కసారైనా ఆ రైలెక్కించాలి. ఇంటికొచ్చాక గదిలో ఒక్క బల్బు వెలిగించి, అమ్మమ్మనో పక్కింటి మామనో దాని పక్కన కూర్చోబెట్టి బూడిద రంగులోనే వేయించాలి. తలపాగా, కవచం తర్వాత సంగతి.

గేము తయారుచేసే మన కంపెనీలకు ఒక్క డిమాండు. వపా ముఖచిత్రాల మూలన ‘వ.పా.’ అని ఉండేది, చందమామ చదివే పిల్లవాడికి కూడా ఆ రెండక్షరాలు తెలుసు. మీ గేములో పాత్ర ముఖం వేసిన మనిషి పేరు చివరి చిట్టాలో వందమంది కింద పాతిపెట్టకండి. ఆ బొమ్మ పక్కనే, ఆటగాడికి కనిపించేటట్టు పెట్టండి.