మూణ్ణెల్లకో రిపోర్టు

జనవరిలో సిబిల్, ఏప్రిల్‌లో ఎక్స్‌పీరియన్, జులైలో ఈక్విఫాక్స్, అక్టోబరులో క్రిఫ్ హైమార్క్. మా ఇంటి క్యాలెండర్‌లో పండగల పక్కన ఈ నాలుగు పేర్లూ పెన్సిల్‌తో రాసి ఉంటాయి. మన అప్పుల చరిత్ర భద్రపరచడానికి రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న కంపెనీలు ఈ నాలుగే. ఒక్కొక్కటీ ఏడాదికో పూర్తి రిపోర్టు మనకు ఉచితంగా ఇచ్చి తీరాలి. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. నాలుగూ ఒకేసారి తెప్పించుకుంటే మిగతా ఏడాదంతా చీకటే. మూణ్ణెల్లకొకటి చొప్పున తీస్తే ఏడాది పొడుగునా కన్నేసి ఉంచినట్టుంటుంది, పైసా ఖర్చుండదు. మనది మనం చూసుకుంటే స్కోరు తగ్గుతుందనే భయం ఇంకా చాలామందిలో ఉంది. తగ్గదు. అప్పుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు బ్యాంకు చూస్తేనే అది లెక్కలోకి వస్తుంది.

ఏ కంపెనీ రిపోర్టయినా జనం నోట సిబిలే. "సిబిల్ ఎంతుంది?" అని అడుగుతారు. 300 నుంచి 900 లోపు ఓ అంకె చెబుతారు. 780 వాడు మీసం తిప్పుతాడు, 640 వాడు మొహం వేలాడేస్తాడు. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ అంకె కిందున్న పేజీలు తిప్పరు. నాకు మాత్రం ఆసక్తంతా ఆ పేజీల మీదే. మా పెదనాన్న ఏటా అడంగల్ తీయించుకునేవాడు. చేను ఎక్కడికీ పోదని ఆయనకూ తెలుసు. అనుభవదారు గడిలో ఇంకెవరి పేరైనా ఎక్కిందేమోనని చూసుకునేవాడు. రిపోర్టు చదవాల్సింది కూడా ఆ కన్నుతోనే.

ముందు చిరునామాలు, ఫోన్ నంబర్లు. మనం ఎన్నడూ ఉండని ఊరి చిరునామా కనబడితే అక్కడే ఆగాలి. మన తెలుగువాళ్లకు ఇందులో అదనపు చిక్కొకటుంది. ఇంటిపేరు ఒక బ్యాంకులో ముందు, ఇంకో బ్యాంకులో వెనక, మూడోచోట ఒట్టి పొడి అక్షరం. పాన్ నంబరు లేకుండా ఇచ్చిన పాత అప్పుల విషయంలో, అదే పేరున్న మరొకరి బాకీ మన ఖాతాలోకి వచ్చి కూర్చోవచ్చు. తర్వాత ఎంక్వైరీలు: మన రిపోర్టును ఎవరు, ఏ తేదీన, ఎంత అప్పు కోసం అడిగారో ఆ వరసలో ఉంటుంది. మనం గడప తొక్కని సంస్థ పేరు అక్కడుంటే, మన పాన్ ఎవరి చేతిలోనో పడిందన్న అనుమానం రావాలి.

ఆ తర్వాతవి గళ్లు. ప్రతి అప్పు కిందా మూడేళ్ల దాకా నెలకో గడి. సమయానికి కడితే సున్నా సున్నా సున్నా. ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ అంకె. మా వీధిలో ఉండే రిటైర్డు మాస్టారు ఓ రోజు ఫోన్ పట్టుకుని కంగారుగా వచ్చారు. "ఏమయ్యా, ఈ ఎక్స్ ఎక్స్ ఎక్స్ ఏమిటి? నేను జన్మలో ఒక్క వాయిదా ఎగ్గొట్టలేదే!" అన్నారు. "ఆ నెల బ్యాంకు వివరాలు పంపలేదని అర్థం మాస్టారూ, మీ తప్పేం లేదు" అన్నాక గానీ కుర్చీలో కూర్చోలేదు. పక్క గడిలో 030 కనబడి ఉంటే మాత్రం నేనూ కంగారుపడేవాణ్ణే.

పరిచయస్తుడొకడి రిపోర్టులో అలాంటి గళ్లే వరసగా 030, 060, 090 అని మెట్లెక్కుతూ ఉన్నాయి. వాడకుండా బీరువాలో పడేసిన క్రెడిట్ కార్డు అది. వార్షిక రుసుము 500, జీఎస్టీ 90. ఫోన్ నంబరు మారడంతో మెసేజీలు అందలేదు. 590 రూపాయల బాకీ ఇంటి అప్పుకు అడ్డుపడింది. ఎంత బాకీ అని కాదు, ఎన్నాళ్లు ఆలస్యమని చూస్తాయి ఆ గళ్లు.

ఫోన్ యాప్‌లలో తీసుకునే చిన్న అప్పులది మరో తంతు. రిపోర్టులో యాప్ పేరుండదు, దాని వెనకుండి డబ్బిచ్చిన ఫైనాన్స్ కంపెనీ పేరుంటుంది. ఆ పేరు ఎప్పుడూ వినకపోయేసరికి మోసం జరిగిందని గగ్గోలు పెడతారు. మొత్తం, తేదీ సరిచూస్తే, పండక్కి వాయిదాల మీద కొన్న ఫోన్ గుర్తొస్తుంది.

'సెటిల్డ్' అనే మాట దగ్గర మాత్రం నెమ్మదించాలి. బ్యాంకువాళ్లు ఓటీఎస్ (వన్ టైమ్ సెటిల్‌మెంట్) అని పిలిచి, కొంత తగ్గించి, మిగిలింది కట్టించుకుంటారు. గొడవ వదిలిందని మనం ఇంటికొచ్చేస్తాం. రిపోర్టులో అది 'క్లోజ్డ్' అని పడదు, 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టలేదన్న సంగతి తర్వాతి బ్యాంకుకు చెప్పే మాట అది. రాయితీ ఇచ్చేటప్పుడు ఈ ముక్క గట్టిగా చెప్పే అధికారి అరుదు.

ఈ చిట్టా న్యాయమైనదని నేననను. ఊళ్లో ఆడవాళ్లు దశాబ్దాల తరబడి ఒక్క నెల తప్పకుండా చీటీలు కడతారు, ఆ నిజాయితీ ఇందులో ఎక్కడా కనబడదు. పొలం కూడా కనబడదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2014 రుణమాఫీ డబ్బు విడతలుగా వచ్చింది. మాఫీ వస్తుందని ఆగిన రైతుకు పంట రుణం గడువు మాత్రం ఆగలేదు. ఎవరి మాట నమ్మి ఆలస్యం చేశాడో రాసే గడి రిపోర్టులో లేదు. అలాగని మైక్రోఫైనాన్స్ అప్పులు ఇలాంటి చిట్టాకు ఎక్కని రోజులూ మనం చూశాం. ఒకే ఇంటికి నాలుగైదు మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఒకరికి తెలియకుండా ఒకరు అప్పులివ్వడంతో, చివరికి 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఆ కంపెనీలూ తమ అప్పుల వివరాలు ఈ సంస్థలకు ఇచ్చి తీరాలన్న నిబంధన ఆ దెబ్బ తర్వాతే వచ్చింది.

తప్పు కనబడితే సరిచేయించుకోవడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి అంతే. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఫిర్యాదు పెట్టొచ్చు. వాళ్లంతట వాళ్లు దిద్దరు, అప్పిచ్చిన బ్యాంకును అడుగుతారు. అందుకే నేనైతే రెండు చోట్లా ఒకేరోజు రాయమంటాను. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. బ్యాంకులు 2025 జనవరిలో పదిహేను రోజులకోసారి వివరాలు పంపడం మొదలుపెట్టాయి కాబట్టి దిద్దుబాటు మునుపటికంటే త్వరగా కనబడుతుంది. కరెంటు స్తంభాల మీద "సిబిల్ పెంచబడును" అని అంటించేవాళ్లు వేలు గుంజి చేసేదీ ఇదే ఫిర్యాదు. నిజంగా కట్టని బాకీని చెరిపే మంత్రం వాళ్ల దగ్గరా లేదు.

మాస్టారి రిపోర్టు ఆ రోజు చివరిదాకా చదివాం. ఆయన తీసుకోని కారు లోను ఒకటి బయటపడింది. పాత శిష్యుడికి హామీ సంతకం పెట్టారట, మరిచేపోయారు. "తీయించేయొచ్చా?" అన్నారు. బ్యాంకు ఒప్పుకోవాలి, ఇంకో హామీదారు దొరకాలి, లేదా అప్పు తీరాలి. అంతవరకూ ఆ కుర్రాడు వాయిదా తప్పితే ఈయన పేరూ చెడుతుంది. వాయిదా ఐదో తారీకు. మాస్టారు ఇప్పుడు ప్రతి నెలా నాలుగో తారీకు సాయంత్రం శిష్యుడికి ఫోన్ చేస్తారు. ముందు పిల్లల చదువుల గురించి అడుగుతారు.