పుట్టి నడిపే విద్య

రాయలసీమ అనగానే కరువు గుర్తొస్తుంది. కానీ కర్నూలు సీమకు ఉత్తరపు అంచున తుంగభద్ర, కృష్ణ పారుతున్నాయి. వంతెనలు రాకముందు ఈ ఏటి ఒడ్డు ఊళ్లకు అవతలి గట్టుతో సంతలు, సేద్యం, చుట్టరికాలు పుట్టి మీదే సాగాయి. ముందూ వెనకా లేని ఆ గుండ్రటి పడవను పారే నీటిలో అనుకున్న రేవుకు చేర్చడం గొప్ప విద్య. నేర్పే పెద్దలు ఉండగానే దాన్ని అందుకోవాలి.

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఈ పడవలను చూశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, బయట తోలు కప్పుతారని, పదిహేను ఇరవై మందిని మోస్తాయని, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయని రాశాడు. ఆ తిరుగుడును అదుపులో పెట్టడంలోనే నేర్పంతా ఉంది.

పుట్టి కట్టడం వెదురు చీల్చడంతో మొదలవుతుంది. బద్దలను నేల మీద అడ్డదిడ్డంగా కాక, లెక్కగా ఒకదాని మీదొకటి పరిచి అడుగు అల్లుతారు. మధ్యలో బరువు పెట్టి, బద్దల కొసలు పైకి వంచి, చుట్టూ అల్లుకొస్తారు. అంచుకు దళసరి కట్టు కడతారు. పూర్వం పశువుల తోలు కప్పేవారు. ఇప్పుడు టార్పాలినో ప్లాస్టిక్ పట్టానో కప్పి తారు పూస్తున్నారు. అడుగు చదునుగా ఉంటుంది కనుక కొద్దిపాటి నీటిలోనూ తేలుతుంది. వెదురు వంగుతుంది కనుక బండ తగిలినా దెబ్బ ఓర్చుకుంటుంది. రాళ్లు నిండిన తుంగభద్రకు ఇది అంత బాగా నప్పింది అందుకే.

ఇక నడపడం. పక్కన తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కాబట్టి నడిపేవాడు పోవలసిన దిక్కున అంచు దగ్గర కూర్చుని, తెడ్డును ముందు నీటిలో దించి తనవైపు లాగుతాడు. ఒక లాగు కుడికి, మరొకటి ఎడమకు వాలుతూ పుట్టిని దారిలో నిలుపుతాయి. లోతు తక్కువైతే వెదురు గడతో నేలను తన్ని నెడతాడు.

ఏరు దాటేవాడు అవతలి రేవుకు సూటిగా బయలుదేరడు. ముందు గట్టు వెంట ఎగువకు పోయి అక్కడ పుట్టి దించుతాడు. ప్రవాహం దాన్ని దిగువకు నెడుతుంటే, తెడ్డుతో అడ్డంగా లాక్కుంటూ పోతాడు. రెండు బలాలూ కలిసేచోట రేవు తగలాలి. ఎంత ఎగువకు పోవాలన్నది ఆనాటి నీటి వడి, గాలి, మోస్తున్న బరువు చూసి కట్టాల్సిన లెక్క. నీరు ఉబ్బి పొర్లిన చోట కింద బండ ఉందని, రంగు మారి బురదగా వస్తే ఎగువన వానలు పడ్డాయని గుర్తుపట్టాలి. ఇదంతా పెద్దల పక్కన కూర్చుని, చూసి, చేసి నేర్చుకునేది.

1980లలో శ్రీశైలం జలాశయం నిండాక సంగమేశ్వరం వైపు కృష్ణ తీరే మారిపోయింది. పారే ఏరు వెడల్పాటి నిలువ నీరైంది. అక్కడ ప్రవాహం కంటే గాలి, అల ముఖ్యమయ్యాయి. పాత విద్య కొత్త నీటికి తగ్గట్టు మారాల్సి వచ్చింది. ఇప్పుడు పుట్టి ఎక్కువగా చేపల వేటకు మిగిలింది.

పాత పడవ విద్య మరుగున పడుతున్న ఇలాంటి దశలోనే పసిఫిక్ ద్వీపవాసులు మేల్కొన్నారు. 1976లో సతావల్ దీవికి చెందిన మౌ పియాయిలుగ్, పరికరాలేవీ లేకుండా నక్షత్రాలు, అలల పోకడ ఆధారంగా హొకులేయా పడవకు హవాయి నుంచి తాహితీకి దారి చూపాడు. తన విద్యను బయటి దీవుల వాళ్లకూ నేర్పాడు. ఆయన దగ్గర నేర్చిన హవాయి యువకుడు నైనోవా థాంప్సన్ 1980లో అదే దారిలో పడవను నడిపించాడు. పంచుకోవడం వల్లే ఆ విద్య బతికింది.

మనమూ ఆ పని చేయవచ్చు. 2009 అక్టోబరులో వరద కర్నూలు నగరాన్నే ముంచింది. నీటి పోకడ ఎరిగిన మనుషుల అవసరం అలాంటి రోజున తెలుస్తుంది. పుట్టి అల్లగల, నడపగల పెద్దలను గురువులుగా గుర్తించి, గౌరవ వేతనం ఇచ్చి, ఏటి ఒడ్డు యువతకు, విపత్తు సహాయక సిబ్బందికి నేర్పించాలి. ఈత, లైఫ్ జాకెట్, మోతాదు మించని బరువు ఆ శిక్షణలో మొదటి పాఠాలు కావాలి. మ్యూజియంలో పెట్టిన పుట్టి అల్లికను చూపగలదు. నీటి వడిని లెక్కకట్టడం మాత్రం ఏట్లో, గురువు పక్కన కూర్చున్నవాడికే వస్తుంది.