రత్నపుర శాసనము - పరిశోధకుని ఋణము

బిలాస్‌పూర్‌కు ఉత్తరమున సుమారు 25 కిలోమీటర్ల దూరములో నున్న రతన్‌పూర్ నేడు మహామాయా దేవాలయమునకు వచ్చు యాత్రికులకే ఎక్కువగా తెలిసిన చిన్న పట్టణము. ఒకప్పుడది దక్షిణకోసలము నేలిన కలచురి రాజులకు శతాబ్దములపాటు రాజధాని. ఆ ప్రాంతముతో తెలుగువారికి సంబంధము క్రొత్తది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు బిలాస్‌పూర్ రైల్వే బస్తీలలో తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. అంతకంటె ఎన్నో యేండ్లు పాతదైన సంబంధ మొకటి శిలపై నున్నది. మొదటి జాజల్లదేవుని రత్నపుర శాసనము, కలచురి సంవత్సరము 866 నాటిది, అనగా క్రీ.శ. 1114 నాటిది, ఆ రాజునకు ఏటేట కానుకలు పంపిన మండలాధిపతులను పేర్కొనుచు ఆంధ్రమును ఖిమిడిని ఒక్క సమాసములో చేర్చి చెప్పుచున్నది.

తెలుగు చరిత్ర రచనలో ఈ మాట కనబడినచోటనెల్ల తరచుగా ఒకే విధముగ కనబడును: 'జాజల్లదేవుని శాసనమునుబట్టి ఆంధ్రఖిమిడి రాజు ఆతనికి సామంతుడని తెలియుచున్నది.' వాక్యము నిర్దోషముగ తోచును. ఎవరి గ్రంథమునుండియు ఒక్క పదమైనను ఎత్తి వ్రాసినది కాదు. రచయిత దొంగతనమేమియు చేయలేదని ఎవరైనను ప్రమాణము చేయవచ్చును. అయినను ఈ చిన్న వాక్యములో కనీసము ముగ్గురి శ్రమ పేరులేకుండ కలసిపోయినది.

ఆ శిల ప్రస్తుతము రతన్‌పూర్‌లో లేదు. నాగపూర్ మ్యూజియమునకు చేరినది. దానిలోని ప్రశస్తిని పఠించి, సంస్కృత పాఠమును నిర్ణయించి, ఆంగ్లవివరణతో 'ఎపిగ్రాఫియా ఇండికా' మొదటి సంపుటమున ప్రకటించినవాడు జర్మన్ పండితుడు కీల్‌హార్న్. దానిని తిరిగి పరిశీలించి, కలచురి రాజుల తక్కిన శాసనములతో సరిచూచి, 1955లో వెలువడిన 'కార్పస్ ఇన్‌స్క్రిప్షనమ్ ఇండికారమ్' నాలుగవ సంపుటములో చేర్చినవాడు వాసుదేవ విష్ణు మిరాశి. ఇక 866ను 1114గా మార్చిన లెక్క ఎవరిది? కలచురి శకారంభమును క్రీస్తుశకము మూడవ శతాబ్ది మధ్యమున నిలిపిన గణనము కన్నింగ్‌హామ్, కీల్‌హార్న్ మొదలగువారి పరిశ్రమఫలము. శాసనములోని తిథివారములను పట్టుకొని సంవత్సరములను లెక్కగట్టిన పని అది. 'శాసనమునుబట్టి తెలియుచున్నది' అనునప్పుడు రచయిత నాగపూర్ వెళ్లి రాతియెదుట నిలిచి చదివినట్లు పాఠకుడు గ్రహించును. రచయిత చదివినది ముద్రిత గ్రంథమును మాత్రమే, పెక్కుసార్లు దానినికూడ కాదు; దానిని చదివిన మరియొకని వ్యాసమును.

ఇందులో రెండు వేరు దోషములు కలసియున్నవి. వానిని విడదీయనిచో చర్చ ముందునకు సాగదు. శకగణనము ఈనాడు చరిత్ర విద్యార్థులందరికి తెలిసిన సంగతి. 1114 అని వ్రాసిన ప్రతివాడును కీల్‌హార్నునకు నమస్కరించి తీరవలెననుట అతిచాదస్తము. తేదీపైననే వాదము ఆధారపడినచో మాత్రమే ఆ ఋణము చెప్పవలసివచ్చును. ఆంధ్రఖిమిడి సంగతి అట్టిది కాదు. ఆ సమాసమును ఆంధ్రమందలి ఖిమిడియని ఒక్క ప్రదేశముగ గ్రహింపవచ్చును, ఆంధ్రము, ఖిమిడి అని రెండుగ విడదీయవచ్చును. మొదటి అర్థమున జాజల్లుని ప్రభావము పర్లాకిమిడి ప్రాంతముదాక మాత్రమే సాగినట్లగును. రెండవ అర్థమున ఆంధ్రదేశమే ఆతనికి కప్పము గట్టినట్లగును. ఏది ఎంచుకొనినను అది ఒక పండితుని నిర్ణయము, శిల చెప్పినది కాదు. పైగా అది రాజప్రశస్తి. ఆశ్రితకవి వ్రాసిన కీర్తిపట్టికలో కానుక పంపినవారందరును నిజముగ పంపిరో లేదో వేరుగ విచారింపవలసియుండును. ఆ నిర్ణయము చేసినవాని పేరు తొలగించి 'శాసనము చెప్పుచున్నది' అనుటచేత అభిప్రాయము సత్యముగ మారువేషము వేసికొనును. పాఠకునకు ప్రశ్నించు అవకాశము పోవును. గ్రంథచౌర్యమువలన మూలకర్తకు కలుగు నష్టమును గురించి అందరును మాటలాడుదురు; పాఠకునకు కలుగు ఈ నష్టమును గురించి మాటలాడువారు తక్కువ.

రతన్‌పూర్ చరిత్రలోనే ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మరియొకటి యున్నది. పదునారవ శతాబ్దిలో రాజ్యమేలిన కల్యాణసాయి కాలపు జమాబందీ పుస్తకమొకటి యుండెనని, దానినిబట్టి రాజ్యములోని గఢముల విభాగమును, సైన్యపు సంఖ్యను తెలిసికొనవచ్చునని ఛత్తీస్‌గఢ్ చరిత్ర గ్రంథములలో కనబడును. ఖడ్గధారులు 2,000, కటారులవారు 5,000, తుపాకులవారు 3,600, విలుకాండ్రు 2,600, రౌతులు 1,000, మొత్తము 14,200 మంది, ఏనుగులు 116. అంకెలు ఇంత నిండుగ నున్నప్పుడు చదువరికి నమ్మకము తనంతటనే కలుగును. అయితే ఈ పుస్తకమును తరువాతివారు ముఖ్యముగ ఎరిగినది 1868లో బిలాస్‌పూర్ సెటిల్‌మెంట్ అధికారి చిషమ్ వ్రాసిన నివేదిక ద్వారా. రెవెన్యూ వ్యవహారముకొరకు వచ్చిన ఆంగ్లాధికారి, తన ప్రయోజనమునకు కావలసినంతవరకు సంగ్రహించిన విషయమది. దానిని గెజిటీర్లు గ్రహించినవి; 1919లో విల్స్ ఛత్తీస్‌గఢ్ రాజ్యవ్యవస్థను గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమునకు అది ఆధారమైనది. అక్కడనుండి పాఠ్యగ్రంథములకు, పోటీపరీక్షల ప్రశ్నలకు వ్యాపించినది. నడుమ ఎక్కడనో చిషమ్ పేరు జారిపోయి, 'కల్యాణసాయి పుస్తకము ప్రకారము' అను మాట మిగిలినది. 5,000 అనునది కటారుల లెక్కయో, కటారులు ధరించిన మనుష్యుల లెక్కయో అను అనుమానము కలిగినవాడు ఎవరిని అడుగవలెను? చిషమ్ పేరున్నచో ఆతని నివేదికను తెరచి, ఆతడు మాటను ఎట్లు అనువదించెనో చూడవచ్చును. ఆ పేరు లేనిచో కనబడని పుస్తకము నెదుట చేతులు జోడించుటయే మిగులును.

చూడని గ్రంథమును చూచినట్లు ఉదాహరించుట తెలుగు సిద్ధాంతవ్యాసములలో మిక్కిలి సాధారణమైన దోషము. ఇది అపహరణమా యని కొందరు అడుగుదురు. అపహరింపబడినది వాక్యము కాదు. గ్రంథాలయములలో ధూళిలో కూర్చుండి వెదకిన ఒక మనుష్యుని కాలము. 'విల్స్ వ్యాసములో ఉదాహృతమైన చిషమ్ నివేదిక' అని వ్రాయుటకు సిగ్గుపడనక్కరలేదు. ఆ మాట రచయిత పాండిత్యమును తగ్గించునను భయము మాత్రము పెక్కుమందిలో గాఢముగ నాటుకొనియున్నది.

ఈ విషయమున మన ప్రాచీనులు ఏమనిరో చూడబోయినచో ఒక చిత్రము కానవచ్చును. కావ్యచౌర్యమును శాస్త్రముగ విచారించిన రాజశేఖరుడు కొంతకాలము త్రిపురి కలచురుల ఆస్థానమున నుండినవాడు. రత్నపురపు రాజులు ఆ త్రిపురి వంశపు శాఖయే. ఆతని 'కావ్యమీమాంస' శబ్దహరణమునకు, అర్థహరణమునకు ప్రత్యేకాధ్యాయములు కేటాయించినది. ప్రతిబింబకల్పము, ఆలేఖ్యప్రఖ్యము, తుల్యదేహితుల్యము, పరపురప్రవేశసదృశము అని సామ్యమునందలి తారతమ్యములను విభజించి, ఏది నింద్యమో ఏది గ్రాహ్యమో నిర్ణయించినది. శబ్దహరణ ప్రకరణముననే ఆతడు తన భార్య అవంతిసుందరి అభిప్రాయమును ఆమె పేరుతో ఉదాహరించినాడు. ఒకరి రచనను మరియొకరు గ్రహించుటకు చెప్పుకొను సాకులను ఆమె వరుసగ లెక్కించినది: మూలకర్త అప్రసిద్ధుడు, దాని నెరిగినవారు గతించిరి, కర్త దేశాంతరమున నున్నాడు, మూలము ఉచ్ఛిన్నమైనది, ఇత్యాదులు. ఈ పట్టిక నేటి పరిశోధకుని కొరకే వ్రాసినట్లున్నది! చౌర్యమును గూర్చిన అధ్యాయములో ఇంటి ఇల్లాలి మాటకుసైతము కర్తృత్వము చెప్పిన ఆ ఔచిత్యమును, రాజశేఖరుని పేరు తరచుగ తలచు విమర్శకులు అంతగా గమనించినట్లు తోచదు.

కాని రాజశేఖరుని విభాగమును పరిశోధనకు యథాతథముగ అన్వయింపరాదు. ఆతడు మాటలాడినది కవులను గూర్చి. పూర్వకవి భావమును గ్రహించి, దానికి క్రొత్త దేహమిచ్చి, గుర్తుపట్టరానట్లు చేయుట కవియందు నేర్పు. అదే పరిశోధకునియందు పెద్ద దోషము. మూలమును ఎంత చక్కగ మరుగుపరచిన అంత హాని. ముక్కుమీది పద్యమును నంది తిమ్మననుండి భట్టుమూర్తి కొనెనని చాటుకథ యున్నదిగదా. అది నిజమైనను కాకపోయినను, సొమ్ము చెల్లించెనన్న అంశమునైన కథకులు మరువలేదు. పరిశోధకుడు చెల్లింపవలసిన సొమ్ము అంతకంటె చాల తక్కువ: ఒక పేరు, ఒక పుటసంఖ్య.

తెలుగున ఋణము చెప్పుకొను సంప్రదాయము లేకపోలేదు. నారాయణభట్టు సాహాయ్యమును నన్నయ భారతావతారికలో చెప్పుకొనినాడు. శ్రీనాథుడు శ్రీహర్షుని నైషధమును తెనిగించుచు మూలకర్తను పేర్కొని, తాను అనుసరించిన అనువాదమార్గమునుకూడ వివరించినాడు. శాస్త్రగ్రంథములలో ఈ అలవాటు సడలినప్పుడు ఏమి జరుగునో బాలవ్యాకరణము చరిత్ర చెప్పును. 1858లో చిన్నయసూరి ప్రకటించిన ఆ గ్రంథమునకును, శిష్టు కృష్ణమూర్తిశాస్త్రి సంస్కృతమున రచించిన హరికారికలకును గల పోలికను చూచి, ఎవరికి ఎవరు ఋణపడిరని పండితులు తరతరములు వాదించిరి. సూరి కారికలను తెనిగించెనని ఒక పక్షము. సూత్రములను చూచియే కారికలు పుట్టినవని మరియొక పక్షము. వాదములో సూత్రముల గుణదోషవిచారము జరిగినది కొంతయే. కాలమెల్ల కర్తృత్వనిర్ణయమునకే వ్యయమైనది. ఇరువురిలో ఎవరి గ్రంథమందైనను మూలసామగ్రిని గూర్చి రెండు వాక్యములు స్పష్టముగ నున్నయెడల వ్యాకరణవిద్యార్థులకు ఎంత శ్రమ తప్పియుండెడిదో!

నేడు తెలుగు పరిశోధనలో ప్రధానమైన చిక్కు అనువాదమునందున్నది. ఆంగ్లగ్రంథములోని పుట తెలుగు వ్యాసములోనికి పేరాలు పేరాలుగ దిగును. కొటేషన్ గుర్తులుండవు, అధోజ్ఞాపిక యుండదు. అడిగినచో, 'మాటలన్నియు నావేకదా' అను సమాధానము వచ్చును. మాటలు తెలుగువే. వాదక్రమము, ఉదాహరణముల ఎంపిక, ఏది ముందు ఏది వెనుక యను నిర్ణయము, తీర్మానము మాత్రము పరునివి. అనువాదకుని పని ఎంత కష్టమైనదో ఎరిగినవారెవరును దానిని తక్కువ చేయరు. అది అనువాదమని చెప్పినప్పుడే ఆ కష్టమునకుకూడ విలువ దక్కును. మౌనముగ అనువదించినవాడు మూలకర్త కీర్తిని మాత్రమే గాక, తన అనువాదకీర్తినికూడ పోగొట్టుకొనును. ఇప్పుడు యంత్రమే ఒక ఆంగ్లాధ్యాయమును క్షణములో తెలుగు చేయుచున్నది గనుక కష్టపడితినను సాకుకూడ మిగులలేదు.

విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము 2018లో ఈ విషయమై నిబంధనలు చేసినది. సామ్యము నూటికి 10 వరకు దండ్యము కాదు. 10 నుండి 40 వరకు నున్నచో ఆరు నెలలలో సవరించి సమర్పింపవలెను. 40 నుండి 60 వరకైనచో ఒక సంవత్సరము నిషేధము. 60 దాటినచో పరిశోధకుని నమోదే రద్దు. ఉచితముగ ఉదాహరించిన భాగములను, గ్రంథసూచిని, అందరికి తెలిసిన విషయములలో వరుసగ 14 పదములవరకు గల సామ్యమును లెక్కనుండి తొలగింతురు. నిబంధనలు అవసరమైనవే. కాని ఈ కొలత పదముల పోలికకు సంబంధించినది. మిరాశి ఆంగ్లవాక్యము తెలుగైనంతనే పదముల పోలిక సున్నకు దిగును. అందుచేత నూటికి రెండు వంతుల సామ్యమని ధ్రువపత్రము తెచ్చుకొనిన సిద్ధాంతవ్యాసము ఆద్యంతము పరుని ఆలోచనయే కావచ్చును. మూలములను నిజాయితీగ ఉదాహరించిన వ్యాసమునకు గుర్తులు సరిగ లేనందున ఎక్కువ అంకె రావచ్చును. పర్యవేక్షకుడు మూలగ్రంథమును చదివియుండుట తప్ప దీనికి వేరు మందు లేదు.

దోషములలో హెచ్చుభాగము దురుద్దేశమున గాక చదువు వేళనే పుట్టును. గ్రంథము ముందుంచుకొని విద్యార్థి నోటుపుస్తకములో వ్రాసికొనునప్పుడు మూలవాక్యము, దాని సారాంశము, తనకు తోచిన ప్రశ్న, మూడును ఒకే సిరాతో ఒకే పేరాలో కలసిపోవును. ఆరు నెలల తరువాత ఏది ఎవరిదో ఆతనికే తెలియదు. ఉదాహరించిన వాక్యమునకు గుర్తులుంచి, పక్కన పుటసంఖ్య వేసి, తన మాటను వేరు పుటలో వ్రాసికొనినచో చాలవరకు చిక్కు తీరును. సారాంశము వ్రాయవలసినప్పుడు పుస్తకము మూసి వ్రాసి, తరువాత తెరచి సరిచూచుకొనుట మేలు. పుస్తకము తెరచియుండగ పదములకు పర్యాయపదములు వెదకుచు వ్రాసినది సారాంశము కాదు. నిఘంటుసాయముతో చేసిన నకలు.

పత్రికాసంపాదకుల పాలుకూడ ఇందులో కొంత యున్నది. స్థలాభావమనియు, పాఠకులకు విసుగనియు అధోజ్ఞాపికలను కత్తిరించు అలవాటు తెలుగు పత్రికలలో బలముగ నున్నది. అట్లు జ్ఞాపికలు పోయిన వ్యాసము తరువాత సంపుటముగ వెలువడునప్పుడు, మొదట ఋణమును చెప్పిన రచయితయే చెప్పనివాడుగ కనబడును. దీనికి వాక్యములోనే ఉపాయమున్నది. 'కీల్‌హార్న్ పఠించి ప్రకటించిన, మిరాశి తిరిగి పరిశీలించిన జాజల్లదేవుని రత్నపుర ప్రశస్తి, ఆంధ్రఖిమిడినుండి కానుకలు వచ్చెనని చెప్పుకొనుచున్నది. ఆ సమాసమును ఇచ్చట ఒకే ప్రదేశముగ గ్రహించుచున్నాము' అని వ్రాసినచో మునుపటి వాక్యముకంటె పండ్రెండు పదములు హెచ్చును. ఆ పండ్రెండింటిని ఏ సంపాదకుడును కత్తిరింపలేడు.