బొగ్గు ముద్దలోని నూనె

నేలబొగ్గునుండి పెట్రోలు తీసే బెర్గియస్ పద్ధతిని పాఠ్యపుస్తకాలు తరచు రెండు మూడు వాక్యాలలో ముగిస్తాయి: బొగ్గుపొడిని బరువైన నూనెతో ముద్దచేసి, ఉత్ప్రేరకం కలిపి, సుమారు 450° సెం. వద్ద, అధిక పీడనంలో ఉదజని పంపాలి. ఇందులో తప్పులేదు. కాని ఆ నూనె ఎందుకు? పొడిని గొట్టాలలో నడిపించడానికని విద్యార్థి అనుకుంటాడు. అది సగం మాటే.

400° ప్రాంతంలో బొగ్గులోని పెద్ద అణువులు తెగి ముక్కలవుతాయి. ఈ ముక్కలకు వెంటనే ఉదజని దొరికితే నూనెలవుతాయి; దొరకకుంటే ఒకదానినొకటి పట్టుకొని కోకుగా గట్టిపడతాయి. ఆ సమయానికి ఉదజనిని అందించేది ద్రావణి. టెట్రాలిన్ అణువు నాలుగు ఉదజని పరమాణువులనిచ్చి నాఫ్తలీన్‌గా, మనం బట్టల పెట్టెలో వేసే కలరా ఉండల పదార్థంగా, మారిపోతుంది. అమెరికాలోని బేటౌన్‌లో 1980-82 మధ్య రోజుకు 250 టన్నుల బొగ్గుకై కట్టిన ప్రయోగశాలలో ద్రావణికే వేరుగా ఉదజని ఎక్కించి, తిరిగి బొగ్గువద్దకు పంపేవారు.

అంతా ద్రావణి మహిమే అనడమూ అతిశయోక్తి. ఉత్ప్రేరకముంటే వాయురూపంలోని ఉదజనియు నేరుగా పాల్గొంటుంది. అయినా, ఉత్ప్రేరకం పేరును కంఠస్థం చేయించే పాఠం, ఈ నూనె చేసే పనికి ఒక్క వాక్యమైనా కేటాయించకపోవడం లోపమే.