తెలుగు సినిమా వచ్చింది, తెలుగు మాట ఎక్కడ?

చుట్టం వచ్చాడని సంబరపడి తలుపు తీశాం. వచ్చినవాడు మనవాడే. కట్టు మనది, నడక మనది. నోరు విప్పితే మాట మాత్రం మనది కాదు. 2022వ సంవత్సరం మే నెలలో మన మారిషస్ దీవిలోని తెలుగు ఇళ్లలో జరిగినది దాదాపు ఇటువంటిదే.

ఆ ఏడు మార్చి 25న థియేటర్లలో విడుదలైన రాజమౌళి గారి ‘ఆర్‌ఆర్‌ఆర్’ చిత్రం మే 20 నుండి నెట్‌ఫ్లిక్స్‌లో ప్రపంచ ప్రేక్షకుల ముందుకు వచ్చింది. అయితే అక్కడికి వచ్చినది హిందీ ప్రతి. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ ప్రతుల హక్కులు జీ5 అనే మరొక సంస్థ చేతిలో ఉన్నవి. అల్లూరి సీతారామరాజు, కొమురం భీం పేర్లు పెట్టుకొన్న ఇద్దరు వీరులు అట్లాంటిక్ అవతల, హిందూ మహాసముద్రం ఇవతల లక్షల ఇళ్లలో హిందీ మాట్లాడారు. వారాల తరబడి ఆంగ్లేతర చిత్రాల తొలి పది స్థానాలలో నిలిచినదీ ఆ ప్రతే. మన ఇళ్లలో ఒక చిన్నవాడు తాతగారిని అడిగిన ప్రశ్న ఇప్పటికీ మా చెవిలో మెదలుతున్నది: “తాతా, ఇది మన తెలుగు సినిమా అన్నావు గదా, మరి వీళ్లెందుకు తెలుగు మాట్లాడరు?”

ఆ చిత్రంలోని గుణదోషాలను గురించి ఇప్పటికే చాలామంది రాశారు. మేము ఇక్కడ సమీక్షింపదలచినది చిత్రాన్ని కాదు, అది మన ఇంటికి వచ్చిన దారిని. ఆ దారికి ఇప్పుడు క్లౌడ్ అని పేరు. మేఘం అని దాని అర్థం. మేఘం ఎక్కడ కురవాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, మన చేను ఎందుకు తడవలేదు అన్నదే ఈ వ్యాసంలో మా విచారణ.

ముందు పాత దారులను ఒకసారి తలచుకోవాలి. మన దీవి సినిమా హాళ్లలో ఏనాడూ హిందీ చిత్రాలదే రాజ్యం. తెలుగు చిత్రం రావడమంటే పండుగతో సమానం. 1980 దశకంలో వీడియో కాసెట్లు వచ్చాక కాస్త ఊపిరి ఆడింది. ఆంధ్రకు వెళ్లి వచ్చిన వారి పెట్టెలో చీరల మధ్య నాలుగు కాసెట్లు ప్లైసాన్స్ విమానాశ్రయంలో దిగేవి. ఒక ఇంట్లో వేస్తే నాలుగిళ్ల వారు కూర్చొనేవారు. ఆ కాసెట్ నుండి మరొకటి, దాని నుండి ఇంకొకటి నకలు తీసేవారు. నాలుగో నకలుకు వచ్చేసరికి కథానాయిక ముఖం మంచులో ఉన్నట్టు కనబడేది.

అందులో మరొక తంటా కూడా ఉండేది. భారతదేశపు టెలివిజన్ విధానం పాల్. మనది ఫ్రెంచివారి సెకాం. రెండు విధానాలూ తెలిసిన యంత్రం లేని ఇంట్లో ఆంధ్ర నుండి వచ్చిన రంగుల సినిమా నలుపు తెలుపులలో ఆడేది. 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో రంగులు అద్ది విడుదల చేశారని విన్నప్పుడు మాలో పెద్దవారు నవ్వుకొన్నారు. వారు రంగులు అద్దారు, మనం ఉన్న రంగులు పోగొట్టుకొని చూశాం! కాని ఒక మాట నిజం. బొమ్మ ఎంత మసకగా ఉన్నా ఆ కాసెట్‌లో గొంతు తెలుగు గొంతు. తెలుగు పెట్టె తెరిస్తే తెలుగే వచ్చేది.

ఇక ఇప్పటి దారి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ మొదట డిస్కులను పోస్టులో పంపే వ్యాపారం చేసింది. 2008 ఆగస్టులో దాని కంప్యూటర్లలోని సమాచార నిల్వ చెడిపోయి మూడు రోజులపాటు డిస్కులు పంపలేకపోయింది. ఆ దెబ్బతో సొంత యంత్రాలను నమ్ముకోవడం మాని, అమెజాన్ వారి అద్దె కంప్యూటర్లలోకి క్రమంగా తరలిపోయింది. ఆ తరలింపు 2016 జనవరిలో ముగిసింది. అదే నెలలో ఒక్క రోజున 130 కొత్త దేశాలకు తన సేవను విస్తరించింది. మన దీవికి ఆ తలుపు తెరుచుకొన్నది అప్పుడే. క్లౌడ్ అంటే ఇదే. సినిమా మేఘంలో ఉండదు, ఎక్కడో ఒక భవనంలో వరుసగా పేర్చిన యంత్రాలలో ఉంటుంది. ఎన్ని యంత్రాలు కావాలంటే అన్ని అద్దెకు తీసుకోవచ్చు, అక్కర లేనినాడు వదిలేయవచ్చు.

అక్కడ ఒక చిత్రాన్ని పలు నాణ్యతలలో తయారు చేసి, కొన్ని సెకన్ల చిన్న ముక్కలుగా కోసి ఉంచుతారు. ఎక్కువ గిరాకీ ఉన్న చిత్రాల నకళ్లను ప్రేక్షకులకు దగ్గరగా ఉన్న యంత్రాలలో ముందే దాచి పెడతారు. మన ఇంటి లైను బాగుంటే మంచి ముక్క వస్తుంది, మందగిస్తే నాసి ముక్క వస్తుంది. అందుకే బొమ్మ ఒక్కొక్కసారి మసకబారి మళ్లీ తేటపడుతుంది. ఇందులో మన విషయానికి ముఖ్యమైనది ఒకటి ఉన్నది. బొమ్మ వేరు, ధ్వని వేరు, కింద కనబడే అక్షరాలు వేరు. మూడింటినీ విడివిడిగా ఉంచి, చూసే వేళకు జత చేస్తారు. ఒకే బొమ్మకు పది భాషల ధ్వనులు తగిలించినా బొమ్మను మళ్లీ దాచనక్కర లేదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. హెచ్‌డీ నాణ్యతలో గంటకు 3 గిగాబైట్ల వరకు ఖర్చవుతుందని ఆ సంస్థవారే చెబుతారు. మూడు గంటల చిత్రానికి 9 గిగాబైట్లు అనుకొందాం. సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున మామూలు స్టీరియో ధ్వనికి మూడు గంటలకు కావలసినది సుమారు 173 మెగాబైట్లు మాత్రమే. అనగా నూటికి రెండు పాళ్లు కూడా లేదు. ఏనుగు పట్టిన వాకిట్లో ఏనుగు తోకకు చోటు చాలలేదంటే ఎవరు నమ్ముతారు? తెలుగు గొంతును అడ్డగించినది యంత్రం కాదు, దూరం కాదు, సముద్రం కాదు. కాగితం మీద రాసుకొన్న హక్కుల పంపకం.

ఈ పంపకానికి కారణం తెలియనిది కాదు. సినిమా తీసినవారు భాషకొక హక్కు, దేశానికొక హక్కు విడగొట్టి అమ్ముకొంటే ఎక్కువ సొమ్ము వస్తుంది. భారీ ఖర్చుతో తీసిన చిత్రానికి ఆ సొమ్ము అవసరమే. కొన్నవారు తమ ఒప్పందంలో ఉన్నదే చూపారు, లేనిది చూపలేదు. ఇందులో ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆ బేరం బల్ల దగ్గర మూడు లెక్కలు వేశారు. హిందీవారు ఎందరు, దక్షిణాది వారు ఎందరు, విదేశీయులు ఎందరు అని. విదేశంలో పుట్టి, ఐదారు తరాలుగా తెలుగు పేరు మోస్తున్నవారు ఏ లెక్కలో వస్తారో ఎవరికీ తోచలేదు. మనం ఏ గడిలోనూ పడలేదు.

హిందీ వింటే నష్టమేమిటి, మన దీవిలో హిందీ అర్థం కాని తెలుగువాడు ఎవడని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హిందీ మనకు శత్రువు కాదు, పొరుగింటి చుట్టం. మన పిల్లలు బడిలో ఆ భాష వింటున్నారు, దాని పాటలు పాడుతున్నారు. కాని ఈ చిత్రాన్నే తీసుకోండి. అందులో ‘కొమురం భీముడో’ పాటను సుద్దాల అశోక్ తేజ తెలంగాణ పల్లె నుడిలో రాశారు. అడవి బిడ్డ దెబ్బలు తింటూ పాడే పాటకు ప్రాణం ఆ నుడిలోనే ఉన్నది. హిందీలో భావం వస్తుంది, బాధ వస్తుంది. ఆ మట్టి వాసన రాదు. యాస విలువ మనకన్నా బాగా ఎవరికి తెలుసు? మన అవ్వల నోట నిలిచిన తెలుగు పుస్తకాల తెలుగు కాదు. చెరకు తోటల కాంపులలో పదిలపరచిన ఉత్తర కోస్తా, గోదావరి పల్లెల పలుకు అది.

2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ‘నాటు నాటు’ పాటకు బహుమతి వచ్చినప్పుడు అక్కడ పాడినది తెలుగులోనే. కీరవాణి గారి స్వరం, చంద్రబోస్ గారి మాట, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గొంతులు. ప్రపంచం ఆ పాటను తెలుగులో విని చప్పట్లు కొట్టింది. అర్థం కానందుకు ఎవరూ లేచిపోలేదు. తెలుగు వింటే ప్రేక్షకులు పారిపోతారనే భయానికి ఇంతకన్నా సమాధానం ఏమి కావాలి?

మరొక సంగతి. మన పిల్లలకు బడిలో, బైఠకాలో తెలుగు అక్షరం దొరుకుతున్నది గాని తెలుగు చెవి దొరకడం లేదు. వారానికి కొన్ని గంటల పాఠం తరువాత వాడుకలో వినబడేది క్రియోల్, ఫ్రెంచి, ఇంగ్లీషు. తెలుగు ధ్వని పెట్టుకొని, కింద ఫ్రెంచిలోనో ఇంగ్లీషులోనో అక్షరాలు చదువుకొంటూ రెండు గంటలు కూర్చొనే పిల్లవాడు తెలియకుండానే క్రియాపదాలు నేర్చుకొంటాడు. క్లౌడ్ మనకు ఇవ్వగల గొప్ప వరం అదే. కాసెట్ ఇవ్వలేనిది, హాలు ఇవ్వలేనిది. ఆ వరం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నదన్నదే మా బాధ.

ఇక కాసెట్‌కు ఉండి కొత్త దారికి లేని గుణం ఒకటి చెప్పాలి. కాసెట్ కొన్నవాడిది. చందా కట్టి చూసే చిత్రం మనది కాదు, అద్దెది. ఒప్పందం గడువు తీరితే ఈ నెల ఉన్నది పై నెల ఉండదు. ఒక దేశంలో దొరికినది మరొక దేశంలో దొరకదు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క సేవ, ఒక్కొక్క సేవకు ఒక్కొక్క చందా. నాలుగిళ్లు కలిసి చూసిన సినిమాను ఇప్పుడు నలుగురు నాలుగు గదులలో ఒంటరిగా చూస్తున్నారు.

అయినను ఈ మేఘాన్ని నిందించి ఊరుకోవడం సరి కాదు. 2020 మార్చిలో దీవి అంతా తలుపులు మూసుకొన్నప్పుడు, ఉగాదినాడు గుడికి పోలేని మనం ఇంట్లో తెరల ముందు కూర్చొని పండుగ చేసుకొన్నాం. నేడు మన రామభజనలు, అమ్మోరు పండుగలు, సింహాద్రి అప్పన్న పూజలు యూట్యూబ్‌లోకి ఎక్కుతున్నవి. సంతోషమే. కాని వాటిని ఎలా ఎక్కిస్తున్నాం? ఊరి పేరు ఉండదు, ఏడాది ఉండదు, పాడిన కీర్తన పేరు ఉండదు; తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. పేరు లేని వస్తువును రేపు ఎవరు వెదికి పట్టుకొంటారు? పెట్టినవారి ఖాతా మూతపడితే దానితోపాటే ఆ భజన కూడా పోతుంది. పరాయివారు మన భాషను లెక్కలో వేయలేదని నొచ్చుకొనే మనం, మన చేతిలో ఉన్నదానికి మన భాషలో పేరు పెట్టకపోవడం ఏమి న్యాయం?

మా సూచనలు మూడు. మొదటిది, ఒక తెలుగు చిత్రం తెలుగు ధ్వని లేకుండా మన దేశంలో కనబడినప్పుడు, చందా కట్టే ప్రతి ఇల్లూ ఆ సేవకు రాయాలి, సంఘాలు నిర్మాతలకు రాయాలి. ఒక ఉత్తరం చెత్తబుట్టలో పడవచ్చు. వెయ్యి ఉత్తరాలు లెక్కలోకి వస్తాయి. వారికి కావలసినది లెక్కే గదా! రెండవది, సంఘ మందిరాలలో నెలకొకసారి, హక్కుదారుల అనుమతి తీసుకొని, తెలుగు ధ్వనితో కలిసి చూసే ప్రదర్శన పెట్టాలి. మూడవది, మన పండుగల, మన పెద్దల పాటల వీడియోలకు తెలుగులో పేరు, ఊరు, ఏడాది రాసి, ఒక ప్రతి క్లౌడ్‌లోను, ఒక ప్రతి సంఘం బీరువాలోని డిస్కులోను ఉంచాలి.

ఒక విశేషం చెప్పి ముగిస్తాం. 2002 నుండి పనిచేసిన సేఫ్ అనే సముద్రగర్భ తీగ దక్షిణాఫ్రికా నుండి రీయూనియన్, మన జకొతే అఖాతం, కొచ్చిన్‌ల మీదుగా పినాంగ్ చేరుతుంది. దక్షిణాఫ్రికాలో అది తాకే రేవులలో ఒకటి నేటాల్ తీరంలోని మ్టుంజినీ. నేటాల్, మారిషస్, మలయా! కూలి ఒప్పందాల మీద వేలిముద్రలు వేసి మన పూర్వులు దిగిన తీరాలే ఇవి. వారిని ఓడలు తెచ్చిన నీటి అడుగునే ఇప్పుడు వెలుగు రూపంలో బొమ్మలూ మాటలూ ప్రయాణం చేస్తున్నవి. ఆ ఓడలలో వారు వెంట తెచ్చుకోగలిగినది చాలా తక్కువ. బట్టల మూట, దేవుడి పేరు, నోటి మాట. ఓడ యజమాని చోటు చాలదని మూటను తగ్గించాడేమో గాని, మాటను దింపమనలేదు. చోటుకు లోటే లేని ఈ కొత్త ఓడలో ఆ మాటనే రేవులో వదిలి వస్తుంటే మనం చూస్తూ ఊరుకోరాదు.