నగిషీ తుపాకీ తొలి యజమాని ఎవరు?

పాత జర్మన్ వేట తుపాకీ మీద పేరో, పొడి అక్షరాలో చెక్కి ఉంటే చాలామంది నేరుగా వాటి వెంట పడతారు. కానీ ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లు లెక్కలేనన్ని ఉంటాయి. తుపాకీ ఎప్పుడు, ఎక్కడ తయారైందో ముందు తేలాలి. పేరును చివరనే చదవాలి.

కాలాన్ని పట్టించేవి పరీక్ష ముద్రలు. గొట్టాలను విడదీసి తిరగేస్తే అడుగున కనిపిస్తాయి. జర్మనీలో 1891 నాటి చట్టం 1893 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆ తర్వాత తుపాకీలో మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి, పేల్చి చూశాకే అమ్మకానికి వదిలేవారు. కిరీటం కింద ‘యు’ ఉంటే తనిఖీ అయిందని, ‘జి’ ఉంటే గొట్టం లోపల మెలిక గాడులు ఉన్నాయని అర్థం. 1939 చట్టంతో కిరీటం పోయి గద్ద వచ్చింది. సూల్ పట్టణంలో పరీక్షించిన తుపాకుల మీద నెల, సంవత్సరం కూడా దొరుకుతుంటాయి, 4.28 అని ఉంటే అది 1928 ఏప్రిల్. ఈ ముద్రల్లోని కిరీటం ప్రభుత్వానిది, యజమాని హోదాకు దానితో సంబంధం లేదు. కొత్తవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

తుపాకుల పనికి పేరుపడ్డ ఊళ్లు తురింగియా అడవుల్లోని సూల్, జెల్లా, మేలిస్. చివరి రెండూ 1919లో ఒకే పట్టణమయ్యాయి కాబట్టి, జెల్లా పేరు విడిగా ఉన్న తుపాకీ సాధారణంగా అంతకు ముందుదే. అయితే గొట్టాల మధ్య పట్టీ మీద ఉండే పేరు చాలాసార్లు తయారీదారుది కాదు, అమ్మిన దుకాణానిది. యజమానిని వెతికేవారికి ఇది మంచి ఆధారం. వేటగాడు తన ఊళ్లోనో, దగ్గరి నగరంలోనో కొని ఉంటాడు. ఆ కాలపు నగర చిరునామా పుస్తకాల్లో ఇంటి యజమానుల పేర్లు, వృత్తి, వీధితో సహా ఉంటాయి.

ఇక నగిషీ. ఓక్ ఆకులు, దుప్పి, అడవిపంది, వేటకుక్కలు వేల తుపాకుల మీద ఉంటాయి. వాటి అందం పనివాడి చేయి ఎంత గొప్పదో చెబుతుంది తప్ప యజమానిని చెప్పదు. కర్ర పిడి అడుగున పొదిగిన చిన్న వెండి లేదా బంగారు బిళ్లను చూడాలి. అక్కడి అక్షరాల మీద కిరీటం ఉంటే దాని కొనలు లెక్కపెట్టాలి: ఐదైతే బిరుదు లేని కులీనుడు, ఏడైతే బారన్, తొమ్మిదైతే కౌంట్. వంశచిహ్నం కూడా ఉంటే సీబ్‌మాకర్ చిహ్నాల గ్రంథం, గోథా వంశావళి పుస్తకాలు దారి చూపుతాయి. పాత జర్మన్ లిపిలో ‘ఐ’, ‘జె’ పెద్దక్షరాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. చుట్టూ పువ్వులు అరిగి, అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే అవి తర్వాతి యజమాని చెక్కించుకున్నవని అనుమానించాలి.

దొరికిన పేరును పౌర రిజిస్టర్లతో సరిచూడాలి. జర్మనీ అంతటా ఇవి 1876 నుంచి ఉన్నాయి. జనన నమోదు 110 ఏళ్లకు, వివాహం 80 ఏళ్లకు, మరణం 30 ఏళ్లకు ఆర్కైవులకు చేరి అందరికీ అందుబాటులోకి వస్తాయి.

1945లో అమెరికా సేనలు జర్మన్ పౌరుల ఆయుధాలను స్వాధీనం చేసుకున్నాయి. సైనికుడెవరైనా ఇంటికి తెచ్చుకున్న తుపాకీతో, అది యుద్ధంలో దక్కిన వస్తువని తెలిపే పత్రం ఉంటే అందులో ఉండేది ఆ సైనికుడి పేరు, తొలి యజమానిది కాదు. అంతకు ముందే, 1938 నవంబర్ 11 నాటి ఉత్తర్వు యూదులు ఆయుధాలు కలిగి ఉండటాన్ని నిషేధించింది. వారి దగ్గరున్నవి ప్రభుత్వపరమయ్యాయి. రిజిస్టర్లో తేలింది యూదు కుటుంబమైతే తుపాకీ ఆ ఇంటి నుంచి ఎలా బయటపడిందో తేల్చడం తప్పనిసరి. నాజీల కాలంలో పోయిన సాంస్కృతిక వస్తువుల కోసం మాగ్డెబర్గ్‌లోని సంస్థ నడిపే లాస్ట్ ఆర్ట్ జాబితాను చూడాలి, వారసుల కోసం వెతకాలి.