ఫొటోల నుంచి సమాధి: కొలత ఎంత, ఊహ ఎంత?

ఈజిప్టు సమాధుల లోపలి గదులను ఇప్పుడు మీరు కంప్యూటర్ తెరపైనే చూడవచ్చు. కరోనా కాలంలో, 2020లో, ఈజిప్టు ప్రభుత్వం గీజాలోని రాణి మెరెసాంఖ్ సమాధిని ఇలాగే ఇంటర్నెట్‌లో తెరిచింది. చూసి ఆనందించండి, తప్పులేదు. కాని చరిత్ర విద్యార్థిగా మీరు ఇంకో ప్రశ్న కూడా వేయాలి. ఈ గోడలో కొలిచినది ఎంత, ఊహించినది ఎంత?

పద్ధతి కష్టమైనది కాదు. కొంచెం కొంచెం జరుగుతూ, ఒక ఫొటోలోని భాగం తర్వాతి ఫొటోలోనూ వచ్చేలా గోడను అనేకసార్లు తీస్తారు. ఒకే బిందువు ఏ ఫొటోలో ఎక్కడ ఉందో పోల్చి, కంప్యూటర్ దాని స్థానాన్ని లెక్కకడుతుంది. దీనినే ఫొటోగ్రామెట్రీ అంటారు. కెమెరా చూడని మూలను ఇది కొలవలేదు. అక్కడ ఖాళీ మిగలాలి. ఆ ఖాళీని పక్క రంగుతో నున్నగా పూడ్చేస్తే కంటికి బాగుంటుంది, సాక్ష్యం చెడుతుంది.

టుటన్‌ఖామున్ సమాధి సంగతి చూడండి. 1922లో దానిని కనుగొన్న హోవర్డ్ కార్టర్ బృందం, లోపలి పెద్ద మందసాలను బయటికి తేవడానికి దక్షిణపు గోడలో కొంత భాగాన్ని తొలగించింది. ఐసిస్ దేవత బొమ్మ అందులోనే ఉండేది. మనకు దక్కినది హ్యారీ బర్టన్ తీసిన నలుపు తెలుపు ఫొటో. ఫ్యాక్టమ్ ఆర్టే సంస్థ 2009లో గదిని లేజర్‌తో, ఫొటోలతో నమోదు చేసి, నిజమైన కొలతలతో నకలు తయారుచేసింది. అది 2014లో లక్సర్‌లో తెరుచుకుంది. పోయిన భాగాన్ని బర్టన్ ఫొటో ఆధారంగా పునర్నిర్మించారు. రంగులు మాత్రం ఆ ఫొటో చెప్పలేదు. మిగిలిన గోడలను చూసి నిర్ణయించవలసినవే. అందుకే ఆ ముక్కను నకలు గదిలో అతికించకుండా విడిగా ప్రదర్శించారు. నా దృష్టిలో ఆ పని మొత్తంలో మెచ్చదగిన నిర్ణయం ఇదే.

గోడలమీది గోధుమరంగు మచ్చలనూ వారు చెరపలేదు. సూక్ష్మజీవుల వల్ల ఏర్పడిన ఆ మచ్చలను గెటీ సంరక్షణ సంస్థ నిపుణులు 1920ల నాటి ఫొటోలతో పోల్చి, అవి ఇప్పుడు పెరగడం లేదని తేల్చారు. అందం కోసం ఎవరైనా ఆ పాత ఫొటోలలో మచ్చలు తుడిచేసి ఉంటే? ఈ పోలికే కుదిరేది కాదు.

ఒక లోపమూ చెప్పాలి. రంగులద్దిన ఐసిస్ బొమ్మను ఎవరైనా ఫొటో తీసి పంచుకుంటే, పక్కనున్న వివరణ పలక దానితో వెళ్ళదు. చూసినవారు దానిని అసలు గోడే అనుకుంటారు. తెరమీది నమూనాలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అక్కడ ఊహను విడిగా పెట్టడానికి వేరే గోడ ఉండదు. ఊహించిన భాగానికి వేరే ఛాయ వేయడమో, మీట నొక్కితే అది తొలగిపోయేలా చేయడమో సాంకేతికంగా కష్టం కాదు. అయినా చేసేవారు తక్కువే.